పంతులమ్మగా వచ్చిన డాక్టరమ్మ

గుంటూరు వాళ్ళని కుగ్లర్ ఆసుపత్రి గురించి అడిగి చూడండి. మా అమ్మ అక్కడే పుట్టిందనో, మా అత్తగారి తొలికాన్పు అక్కడే అయిందనో ఏదో ఒక చుట్టరికం కలుపుతారు. ఆ కుగ్లర్ ఎవరంటే మాత్రం ఎవరో దొర అనుకునేవాళ్ళే ఎక్కువ. దొర కాదండీ, డాక్టరమ్మ. పేరు అన్నా సారా కుగ్లర్.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ కోసమే పెట్టిన వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా తీసుకుంది. తర్వాత మానసిక రోగుల ఆసుపత్రిలో ఆడరోగుల విభాగంలో ఉద్యోగం. హాయిగా అక్కడే స్థిరపడిపోవచ్చు. అంతలో గుంటూరులో పనిచేస్తున్న ఒక లూథరన్ మిషనరీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇక్కడి స్త్రీలకు లేడీ డాక్టరు అత్యవసరమని.

అవసరం ఎంతటిదో మనకి వేరే చెప్పాలా? ఆ రోజుల్లో పురుడంటే ఇంట్లో ఓ మూల చీకటి గది, మంత్రసాని, ఆపైన దేవుడు. మంత్రసానులంతా చేతకానివాళ్ళని నేననను, ఎన్నో వేల కాన్పులు వాళ్ళ చేతుల మీదుగానే సుఖంగా జరిగాయి. బిడ్డ అడ్డం తిరిగితేనో, నెత్తురు ఆగకపోతేనో వాళ్ళేం చెయ్యగలరు? ఊళ్ళో మగ డాక్టరున్నా ఘోషాలో ఉన్న ఇల్లాలిని చూడనివ్వరు. ప్రాణం పోయినా సరే, పరువు నిలవాలి!

ఇంత అవసరం కనపడుతున్నా, ఆమెని పంపించే మహిళా మిషనరీ సంఘం వాళ్ళు వైద్యం పని ఇంకా మొదలుపెట్టలేమన్నారు. వెళ్ళాలనుంటే పంతులమ్మగా వెళ్ళమన్నారు. ఇంకొకరైతే అలిగి ఇంట్లో కూర్చునేవారు. ఈవిడ సరేనని ఓడెక్కి, 1883 నవంబరు నెలాఖరుకి గుంటూరు చేరింది.

బళ్ళు చూసుకోవడం, ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకి చదువు చెప్పడం ఆవిడకిచ్చిన పని. కానీ డాక్టరొచ్చిందని తెలిశాక రోగులు ఊరుకుంటారా? తొలి ఏడాదిలోనే తన నివాసంలో 185 మందిని, వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి 276 మందిని చూసింది. పగలు పలకా బలపం, మిగిలిన వేళల్లో మందులు! విదేశీయురాలు ముట్టుకుంటే మైలని భావించే ఇళ్ళు అప్పుడు చాలా ఉండేవి. అలాంటి గడపల్లోకి కూడా కష్టం వచ్చినప్పుడు ఆమెనే పిలిచారు. రెండేళ్ళు ఇలా చేసి చూపించాక 1885 చివర్లో సంఘం దిగొచ్చి, ఆమెని వైద్యురాలిగానే నియమించింది. ఆ మర్నాటి ఏడాదే డిస్పెన్సరీ తెరిచింది.

మందులిచ్చి పంపేస్తే చాలదని ఆవిడకి తొందరగానే అర్థమైంది. కష్టమైన కాన్పుకీ, ఆపరేషనుకీ మంచం కావాలి, రాత్రంతా కనిపెట్టి ఉండే మనిషి కావాలి. సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు కూడా విశ్రాంతి లేకుండా ఆసుపత్రి కోసం విరాళాలు పోగుచేసింది. పద్దెనిమిది ఎకరాల స్థలం కొన్నారు. 1893లో అక్కడ కొత్త డిస్పెన్సరీ, 1898 జూన్‌లో యాభై పడకల ఆసుపత్రి లేచాయి. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆడవాళ్ళే నడిపే ఆసుపత్రి!

నాకు ఆవిడలో అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. అంతా నా చేతి మీదే నడవాలని పట్టుబట్టలేదు. తనలాంటి డాక్టర్లను అమెరికా నుంచి రప్పించుకుంది. క్యాథరీన్ ఫాస్ అనే నర్సు తోడురాగా, ఇక్కడి తెలుగు అమ్మాయిలకి నర్సు పని నేర్పించారు. ఆడపిల్ల పరాయివాళ్ళ ఒళ్ళు తుడవడం, పుళ్ళు కడగడం నామోషీ అనుకునే కాలమది. ఆ అమ్మాయిలే తెల్లటి దుస్తుల్లో మంచం పక్కన నిలబడి తెలుగులో ధైర్యం చెబుతుంటే, వచ్చిన బాలింతకి సగం భయం తీరేది.

మతం చెప్పాలనే ఉద్దేశంతోనే వచ్చిన మనిషి ఆవిడ, అది దాచుకోనూ లేదు. వైద్యం కోసం మాత్రం అన్ని మతాల, కులాల వాళ్ళూ వచ్చారు. ఏలూరు రాజా భుజంగరావు గారి భార్య చిన్నమ్మారావు గారికి అక్కడ సుఖప్రసవమై మగబిడ్డ కలిగాడు. ఆ సంతోషంతో రాజా గారు ఆసుపత్రి ఎదుట భార్య పేర సత్రం కట్టించారు. దూరపు ఊళ్ళ నుంచి బండి కట్టుకొచ్చేవాళ్ళకి వండుకోవడానికీ, తలదాచుకోవడానికీ చోటు దొరికింది. రోగి వెంట వచ్చే నలుగురి సంగతి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా!

ప్రభుత్వం 1905లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. 1928లో ఆసుపత్రి చరిత్ర పుస్తకంగా రాసింది. గుంటూరులో యాభై ఏళ్ళు పూర్తి చెయ్యాలని ఆవిడకి కోరికగా ఉండేదట. 1930 జూలై 26న కన్నుమూసేనాటికి నలభై ఏడో ఏడు నడుస్తోంది. ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.