డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు

బాటసింగారము మీదుగా తూర్పునకు పోవు రహదారి విజయవాడను దాటి మచిలీపట్నమున ముగియును. బందరని జనులు పిలుచు ఆ పట్టణమునందే 1923వ సంవత్సరమున లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రాబ్యాంకు వెలసెను. దానిని నెలకొల్పినవారు కోటీశ్వరులు కారు, జమీందారులును కారు. ఒక వైద్యులు. వారే డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. వారి పేరు వినగానే పలువురకు ఒక యెన్నికలోని ఓటమి జ్ఞప్తికి వచ్చును. కాని ఆ ఓటమిచేత కొలువదగినది కాదు వారి జీవితము.

పట్టాభిగారు 1880 నవంబరు 24వ తేదీన ఏలూరునకు సమీపముననున్న గుండుగొలను గ్రామమున, కలిమిలేని నియోగి కుటుంబమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలయందు బి.ఏ. పట్టమును, పిమ్మట వైద్యపట్టమును పొంది, బందరున వైద్యవృత్తి నారంభించిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు మొదలగు మిత్రులతో గూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించుటకు తోడ్పడిరి. వృత్తియందు రాబడి యున్నను, కొంతకాలమునకు దానిని విడిచి ప్రజాసేవకే అంకితులైరి. 1919లో జన్మభూమి యను ఆంగ్ల వారపత్రికను నడపసాగిరి.

ఒక వైద్యుడు బ్యాంకు పెట్టవలసిన యవసరమేమి? నాటి పల్లెల స్థితి నెరిగినగాని ఇది బోధపడదు. గోదావరి, కృష్ణా ఆనకట్టలు పందొమ్మిదవ శతాబ్దపు నడుమ నిర్మింపబడి డెల్టాభూములు పండసాగెను. పంట యింటికి వచ్చిన దినములలో రైతు చేత పైకమాడును. నాట్ల వేళకు చేయి ఖాళీయగును. ఉన్నవాడు తన పైకమును కుండలో పాతిపెట్టెను, లేదా నగలుగా మార్చెను. లేనివాడు షావుకారునకు నోటు వ్రాసియిచ్చి హెచ్చువడ్డికి అప్పు తెచ్చెను. ఒకే వీధిలో ఒక యింట ధనము నిద్రించుచుండగా, పొరుగింట అప్పు పెరుగుచుండెను. ఈ రెండిండ్లకు నడుమ వంతెన కావలసియుండెను.

వంతెన కట్టుటకు ధనముకంటె ముందు నమ్మకము కావలెను. ఆ నమ్మకమునకే 1906లో పెద్ద దెబ్బ తగిలెను. మదరాసున పేరుమోసిన ఆంగ్లేయ సంస్థయగు ఆర్బత్నాటు కంపెనీ ఆ యేడు దివాలా తీయగా, అందు పైకము దాచుకొన్నవారు గోలుపోయిరి. మరుసటియేడు అమెరికా దేశమున న్యూయార్కు బ్యాంకులకును భయము పట్టెను. అచట జె. పి. మోర్గను అను మహాధనికుడు తోటి బ్యాంకర్లను కూడగట్టి, అపార ధనమును దింపి ఆ భయమును శమింపజేసెను. పట్టాభిగారికి అట్టి ధనబలము లేదు. కనుక వారు కొద్దిమంది పెద్ద సంచులను గాక, పెక్కుమంది చిన్న మూటలను నమ్ముకొనిరి.

సహకార సంఘములకు కేంద్రబ్యాంకులు పెట్టుకొను వీలు 1912 నాటి చట్టముచే కలిగెను. 1915లో పట్టాభిగారు కృష్ణాజిల్లా సహకార కేంద్రబ్యాంకును నెలకొల్పిరి. తరువాతిది ఆంధ్రాబ్యాంకు. అది 1923 నవంబరు 20న రిజిష్టరు కాబడి, 28న వ్యవహారములు ప్రారంభించెను. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వెలసెను. ఈ సంస్థలయందు ఉత్తరప్రత్యుత్తరములు తెలుగున జరుగవలెనని వారు పట్టుబట్టిరి. తాను చదువలేని కాగితమునందు తన సొమ్మెట్లున్నదో రైతు ఎట్లెరుగును? భాషాభిమానము మాత్రమే కాదు, అది లెక్కల శుద్ధి.

బ్యాంకు పని పైకి సులభముగా తోచును గాని కత్తిమీది సాము వంటిది. దాచుకొన్నవాడు అడిగిన దినముననే సొమ్ము చెల్లింపవలెను. అప్పు గొన్నవాడు పంట వచ్చినగాని తీర్చలేడు. చేత తగినంత రొక్క ముంచుకొనక అంతయు అప్పులిచ్చినచో సంస్థ కూలును. అంతయు దాచియుంచినచో వడ్డి పుట్టదు. 1938లో తిరువాన్కూరు నేషనలు అండ్ క్విలాను బ్యాంకు మూతపడగా దక్షిణదేశమంతట ఖాతాదారులు కలవరపడిరి. ఆంధ్రాబ్యాంకు ఆ గాలివానను దాటి నిలిచెను.

రాజకీయములలో వారికి ఎత్తుపల్లములు రెండును తప్పలేదు. 1935లో కాంగ్రెసు చరిత్రను ఆంగ్లమున రచించిరి. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి గాంధీజీ అభిమతముతో నిలిచి, సుభాసచంద్రబోసుగారి చేతిలో ఓడిరి. 1942లో అహమ్మదునగరు కోటలో నిర్బంధింపబడి, 1945 వరకు చెరలో గడపిరి. 1948లో అదే అధ్యక్షపదవికి ఎన్నికై జయపురపు మహాసభకు అధ్యక్షత వహించిరి. ఆంధ్రులకు ప్రత్యేకరాష్ట్రము కావలెనని తొలినాటి నుండి వాదించిన ఆయనయే, 1949లో నెహ్రూ, పటేలుగార్లతో కలిసి, మదరాసు నగరముపై హక్కు వదలుకొన్నగాని ఆంధ్రరాష్ట్రము కూడదను నివేదికపై చేవ్రాలు చేసిరి. అది పలువురి మనసులను నొప్పించెను. గొప్పవారి ఖాతాలోను ఖర్చు పద్దులుండును. వానిని దాచుట చరిత్ర కాదు.

1952 మొదలు 1957 వరకు మధ్యప్రదేశమునకు గవర్నరుగా నుండి, 1959 డిసెంబరు 17న హైదరాబాదున వారు పరమపదించిరి. వారి బ్యాంకు మాత్రము పెరుగుచునే పోయెను. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో అందు కలిసెను. 1980 ఏప్రిలు 15న ఆంధ్రాబ్యాంకు జాతీయము చేయబడెను. తెలంగాణమునందలి పెక్కు గ్రామములకును దాని శాఖలు విస్తరించెను. 2020 ఏప్రిలు 1న అది యూనియను బ్యాంకులో విలీనమై, తొంబదియారేండ్లు నిలిచిన పేరు పలకలపై నుండి తొలగెను. పేరు పోయెను గాని ఖాతాలు పోలేదు. రైతు దాచిన రూపాయి కొత్త పుస్తకమునందును రూపాయిగానే నిలిచెను.

పట్టాభిగారు మిగిల్చిపోయిన ఆస్తి ఇదియే. ఎరుగనివాని సొమ్మును తన సొమ్ముకంటె జాగ్రత్తగా కాపాడవచ్చునని, చిన్న మొత్తములు కలిసినచో పెద్ద పని యగునని వారు చూపిరి. గ్రామ గ్రంథాలయమును ఈ నమ్మకముపైననే నడచును. చందా స్వల్పము, తీసికొనిపోయిన పుస్తకమును మరల తెచ్చి యిచ్చుట తప్పని ఋణము. ఆ ఋణము తీరుచున్నంతకాలము బీరువా నిండియే యుండును.