వెన్నులోని నీటిని కొలిచిన వైద్యుడు: హైన్రిక్ క్వింకే

వెన్నులోంచి నీళ్లు తీస్తే నడుము పడిపోతుందని మా తిరుమలగిరి దిక్కు ఒక మాట ఉంది. మెదడువాపుతో ఉన్న పిల్లవాడికి ఆ పరీక్ష చేయాలని డాక్టరు అనగానే ఇంటోళ్లు జంకుతారు. ఈ భయంలో నిజమెంతో తెలియాలంటే హైన్రిక్ క్వింకే జీవితం తెలుసుకోవాలి.

క్వింకే 1842లో జర్మనీలో, ఓడర్ నది ఒడ్డునున్న ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. అన్న గేయోర్గ్ పేరుమోసిన భౌతికశాస్త్రవేత్త. మెదడు, వెన్నుపాము చుట్టూ నీరుందని ఇటలీ వైద్యుడు కొటున్యో 1764లోనే రాశాడు. అది ఎటు పారుతుందో చూడాలని క్వింకే కుక్కల వెన్నులోకి ఇంగిలీకం ఎక్కించి, ఆ ఎర్రరంగు ఎక్కడెక్కడ తేలిందో పరిశీలించి 1872లో ప్రకటించారు. 1873లో బెర్న్‌లో, 1878 నుంచి కీల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు.

తలలో నీరు చేరి బాధపడే పసిపిల్లలను చూసి, ఆ ఒత్తిడి తగ్గించే దారి వెతికారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసల దగ్గరే ఆగిపోతుంది. దాని కింద నరాల పోగులే నీటిలో తేలుతుంటాయి. అక్కడ సన్నని సూది గుచ్చితే వెన్నుపాముకు తగలదు. ఈ పద్ధతిని ఆయన 1891లో వీస్‌బాడెన్ వైద్యసభలో వివరించారు. నీటిని తీయడమే గాక దాని ఒత్తిడిని కూడా కొలిచారు. మన ఒంట్లో ఈ నీరు ఒకసారికి సుమారు 150 మిల్లీలీటర్లే ఉంటుంది. కాని రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా ఊరుతుంది. తీసిన కొద్దిపాటి నీరు గంటల్లోనే మళ్లీ నిండుతుంది. ఇక నడుము పడిపోవడమెక్కడిది?

అయితే భయానికి ఒక మూలం లేకపోలేదు. కీల్‌లోనే శస్త్రవైద్యుడు ఆగస్ట్ బీర్ 1898లో ఇదే దారిన మత్తుమందు ఎక్కించే ప్రయోగాన్ని తన మీదే చేయించుకుని, లేస్తే తలనొప్పి, పడుకుంటే నిమ్మళం అన్నట్టు రోజుల తరబడి మంచం పట్టాడు. సూది చేసిన రంధ్రంలోంచి నీరు కారడమే కారణం.

వడ్ల బస్తాలు మోసి, డిస్కు జారి నడుముకు ఆపరేషన్ చేయించుకున్న రైతులకు ఈ సంగతి తప్పక తెలియాలి. ఆపరేషన్‌లో ఒక్కోసారి నీటిని పట్టి ఉంచే డ్యూరా పొర చిరుగుతుంది. కారిన నీరు చర్మం కింద బుడ్డలా చేరుతుంది. చిన్నదైతే చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది, లేదా కుట్టు వేసి మూస్తారు. కుట్ల దగ్గర తేటనీరు కారినా, లేచి కూర్చుంటే తల పగిలిపోయినా పసర్లు కట్టక డాక్టరుకు చూపాలి. లేకుంటే చీము పట్టి మెదడు పొరల దాకా పాకవచ్చు. కాళ్లు చచ్చుబడినా, మూత్రం బిగిసినా ఆ పూటే పోవాలి. లోపల నెత్తురు గడ్డ నరాలను నొక్కుతుండవచ్చు.

క్వింకే 1908లో విశ్రాంతి తీసుకుని, 1922లో కన్నుమూశారు. మొన తెగ్గోసిన ఆ రకం సూదిని నేటికీ క్వింకే సూది అనే పిలుస్తారు. సైన్సు చదువుకునే మనం ఊరికి పోయినప్పుడు పెద్దల భయాన్ని చూసి నవ్వవద్దు. ఆ నీరు ఎక్కడ ఉంటుందో, ఎంత ఉంటుందో కూర్చోబెట్టి చెబితే చాలు, ఒక పిల్లవాడికి పరీక్ష వేళకు అందుతుంది.