రొదను గెలిచిన మేజర్

యుద్ధరంగంలో సైనికుడి చేతిలోని తుపాకీ ఎంత ముఖ్యమో, వీపు మీది రేడియో కూడా అంతే ముఖ్యం. ఆజ్ఞ అందని దళం ఎంత పెద్దదైనా చెల్లాచెదురవుతుంది. ఆ ఆజ్ఞను రొదలోంచి వడగట్టి చెవికి చేర్చాల్సింది రిసీవర్. నేటికీ సైనిక రేడియోల నుంచి రాడార్ల దాకా ఎన్నో రిసీవర్ల వెనుక ఒక వ్యక్తి ఆలోచన కనిపిస్తుంది. ఆయన అమెరికా సైన్యంలోని సిగ్నల్ కోర్ మేజర్ ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. యుద్ధకాలంలో తన పేటెంట్లను దేశానికి ఉచితంగా ఇచ్చిన ఈ ఇంజినీరు, శాంతికాలంలో అవే పేటెంట్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో జన్మించారు. యాంకర్స్ పట్టణంలోని ఇంటి పెరట్లో యాంటెన్నా కోసం 100 అడుగులకు పైగా ఎత్తున్న స్తంభాన్ని కుర్రవాడిగా ఉన్నప్పుడే తానే నిలబెట్టి, దాని కొసకు ఎక్కేవారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1912లో తొలి ఆవిష్కరణ చేశారు. అప్పటికే లీ డి ఫారెస్ట్ ఆడియన్ అనే మూడు ఎలక్ట్రోడ్ల వాక్యూమ్ ట్యూబును రూపొందించినా, అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కొలతలు తీసి దాని తీరును పట్టుకున్నారు. ట్యూబు పెంచిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ దాని గ్రిడ్‌కే అందిస్తే, సంకేతం ఎన్నో రెట్లు బలపడుతుంది. ఆ పునర్వినియోగం హద్దు దాటితే ట్యూబు తానే తరంగాలను పుట్టించి ట్రాన్స్‌మిటర్‌గా మారుతుంది. ఒకే సర్క్యూట్ అటు రిసీవర్‌కు, ఇటు ట్రాన్స్‌మిటర్‌కు పునాది అయింది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ సిగ్నల్ కోర్‌లో చేరి పారిస్ వెళ్లారు. అక్కడ ఎదురైన చిక్కు హ్రస్వ తరంగాలది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆనాటి ట్యూబులు సంకేతాన్ని పెంచలేకపోయేవి. ట్యూబు లోపలి ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే కెపాసిటెన్సే అందుకు కారణం. అలాంటప్పుడు ట్యూబును మార్చాల్సిన పనేముంది, సంకేతాన్నే మారిస్తే సరిపోదా అని ఆయన ఆలోచించారు. రిసీవర్‌లోనే మరో తరంగాన్ని పుట్టించి, వచ్చిన సంకేతంతో కలిపి, రెంటి తేడాకు సమానమైన తక్కువ పౌనఃపున్యానికి దించారు. ఏ స్టేషన్ వచ్చినా అదే స్థిరమైన మధ్యంతర పౌనఃపున్యానికి చేరుతుంది కాబట్టి, దాని ఒక్కదాని కోసమే యాంప్లిఫయర్ దశలను జాగ్రత్తగా ట్యూన్ చేస్తే చాలు. 1918లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతే సూపర్‌హెటరోడైన్. ఫ్రాన్స్‌లో లూసియన్ లేవీ, జర్మనీలో వాల్టర్ షాట్కీ కూడా అదే కాలంలో ఇదే దారిలో నడిచారు. ఆచరణలో నిలబెట్టిన ఘనత మాత్రం ప్రధానంగా ఆర్మ్‌స్ట్రాంగ్‌కే దక్కింది. మేజర్ హోదాతో స్వదేశానికి తిరిగొచ్చిన ఆయనను లోకం చివరిదాకా ఆ పేరుతోనే పిలిచింది.

తర్వాతి పోరాటం గరగరతో. ఉరుములు, మెరుపుల వేళ మీడియం వేవ్ పెట్టినవారికి అది ఎలాంటిదో తెలుసు. ఏఎం పద్ధతిలో మాట తరంగం ఎత్తులో దాగి ఉంటుంది. మెరుపు, మోటారు నిప్పురవ్వ కూడా ఆ ఎత్తునే చెడగొడతాయి. కాబట్టి రిసీవర్ ఎంత మంచిదైనా మాటనూ రొదనూ విడదీయలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాటను తరంగం పౌనఃపున్యంలో దాచారు. బ్యాండును కుదిస్తేనే రొద తగ్గుతుందని తోటి ఇంజినీర్లు నమ్ముతుండగా, ఆయన దాన్ని బాగా వెడల్పు చేశారు. ఇందుకు సంబంధించిన పేటెంట్లు 1933 డిసెంబర్ 26న మంజూరయ్యాయి.

ఈ ఎఫ్ఎం రిసీవర్‌కు కీలకం లిమిటర్. మధ్యంతర యాంప్లిఫయర్లు సంకేతాన్ని బాగా పెంచి లిమిటర్ ట్యూబుకు అందిస్తాయి. తక్కువ వోల్టేజీ మీద నడిచే ఆ ట్యూబు ఒక మట్టం దాటాక ఇంకేమీ పెంచదు. తరంగం శిఖరాలను పైనా కిందా కోసేస్తుంది. వాటితో పాటే ఎత్తు మీద ఎక్కిన రొద కూడా తెగిపోతుంది. పౌనఃపున్యంలో దాగిన మాట మాత్రం చెక్కుచెదరకుండా తర్వాతి దశకు చేరుతుంది.

అయితే లిమిటర్ పనిచేయాలంటే దానికి చాలినంత బలమైన సంకేతం అందాలి. ముందు దశల్లో ఒక్క ట్యూబు నీరసించినా, ట్యూనింగ్ జారినా గరగర తిరిగొస్తుంది. అందుకే మెకానిక్కులు ముందుగా లిమిటర్ గ్రిడ్ దగ్గర రుణ వోల్టేజీని కొలిచేవారు. సంకేతం బలపడేకొద్దీ అది పెరుగుతుంది కనుక, అది గరిష్ఠానికి చేరేలా ముందు దశలను సరిచేసేవారు. ఏ స్టేషనూ లేనప్పుడు కూడా ఆ వోల్టేజీ ఎక్కువగా కనిపిస్తే మాత్రం సంతోషించడానికి లేదు. యాంప్లిఫయరే తనకు తాను ఊగిపోతోందని అనుమానించి వైరింగ్‌ను, షీల్డింగ్‌ను చూడాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ సర్క్యూట్లకు అసలు పరీక్ష ఎదురైంది. ఇంజిన్ నిప్పురవ్వల మధ్య మాట వినిపించాల్సిన అమెరికా ట్యాంకుల్లో ఎస్‌సీఆర్-508 ఎఫ్ఎం సెట్లు అమర్చారు. పదాతి దళం వీపున ఎస్‌సీఆర్-300 వాకీటాకీ మోసింది. తన పేటెంట్లకు సైన్యం నుంచి రాయల్టీ తీసుకోనని ఆర్మ్‌స్ట్రాంగ్ ముందే ప్రకటించారు. 1946 జనవరిలో సిగ్నల్ కోర్ చంద్రుడి మీదకు రాడార్ సంకేతం పంపి, దాదాపు 2.5 సెకన్లలో ప్రతిధ్వనిని అందుకున్న ప్రాజెక్ట్ డయానాలోనూ ఆయన రూపొందించిన పరికరాలనే మార్చి వాడారు.

కోర్టుల్లో మాత్రం ఆయనకు కలిసి రాలేదు. తొలి ఆవిష్కరణపై డి ఫారెస్ట్‌తో ఏళ్ల తరబడి సాగిన వివాదంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన నిలిచింది. ఆ ఆవిష్కరణకు తనకిచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో ఇంజినీర్ల సంఘానికి తిరిగివ్వబోతే, సంఘం తీసుకోలేదు. ఆ ఘనత ఆయనదేనన్నది ఇంజినీర్ల తీర్పు. 1945లో అమెరికా ప్రభుత్వం ఎఫ్ఎం బ్యాండును 42-50 మెగాహెర్ట్జ్ నుంచి 88-108కి మార్చడంతో జనం కొన్న సెట్లన్నీ పనికిరాకుండా పోయాయి. 1948లో ఆయన ఆర్‌సీఏ సంస్థపై వేసిన దావా ఏళ్ల పాటు నడిచి ఆస్తినీ ఆరోగ్యాన్నీ హరించింది. 1954 జనవరి 31 రాత్రి ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. భార్య మారియన్ పోరాటం ఆపలేదు. ఆర్‌సీఏతో రాజీ కుదిరింది. యుద్ధంలో ఎస్‌సీఆర్-300ను తయారుచేసిన మోటరోలాపై చివరి కేసు 1967లో ఆమె పక్షాన ముగిసింది.

ఆయన మరణించిన ఏడాదే మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. 1961లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం కోసం డీఎల్ఆర్ఎల్ పరిశోధన శాల వెలసింది. శత్రు రాడార్‌ను పసిగట్టే రిసీవర్ కూడా పాత చిక్కునే విప్పాలి. అందీ అందని సంకేతాన్ని పెంచాలి, హద్దు మీరినదాన్ని అణచాలి. లిమిటర్‌కు ఒక బలహీనత కూడా ఉంది. ఒకే చానల్‌లో రెండు సంకేతాలు వస్తే బలమైనదే నిలుస్తుంది, రెండోది వినిపించదు. మిత్రుడి మాటకు ఇది రక్ష. అదే చానల్‌లో శత్రువు జామర్ గొంతు పెంచితే ఇదే శాపం. క్షణక్షణం పౌనఃపున్యం మార్చే సెట్లు వచ్చింది ఇలాంటి ముప్పు వల్లే.

రక్షణ రంగంలో స్వావలంబన గురించి మాట్లాడేటప్పుడు కర్మాగారాల లెక్క చెబుతాం, బడ్జెట్ లెక్క చెబుతాం. ఒంటరిగా కూర్చుని కొత్త సర్క్యూట్ గీసే ఇంజినీరుకు దక్కే రక్షణ ఆ లెక్కల్లోకి రాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇచ్చినదంతా ఆయన దేశ సైన్యం వాడుకుంది. ఆయన హక్కును నిలబెట్టడానికి మాత్రం ఆ దేశ వ్యవస్థకు ఆయన పోయాక మరో పదమూడేళ్లు పట్టింది.