సోర్స్ కోడ్‌ను చేతికిచ్చిన గ్రేస్ హాపర్

అపాచీ స్పార్క్ సోర్స్ కోడ్ దించుకుని మీ ల్యాప్‌టాప్‌లో సొంతంగా బిల్డ్ చేసి చూశారా? డేటా ఇంజినీరింగ్ ఉద్యోగానికి ప్రిపేరవుతూ రెడీమేడ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని ఊరుకుంటే ఆ సరదా మీకు తెలియదు. మావెన్ ముందుగా కావాల్సిన లైబ్రరీలన్నీ ఒక్కొక్కటే తెచ్చుకుంటుంది. కంపైలర్ స్కాలా, జావా ఫైళ్లను బైట్‌కోడ్‌గా మారుస్తుంది. చివరికి అన్నీ కలిసి జార్ ఫైళ్లవుతాయి. మధ్యలో మెమరీ చాలక ఆగిపోయిందా, మళ్లీ మొదలెట్టాలి.

మనిషి రాసిన కోడ్‌ను యంత్రమే తనకు పనికొచ్చేలా మార్చుకోవడం, ఎవరో ఎప్పుడో రాసిన ముక్కల్ని వెతికి తెచ్చి అతకడం, ఆ సోర్స్‌ను అందరి చేతికీ ఇవ్వడం మనకిప్పుడు మామూలు విషయాలు. 1950ల మొదట్లో మాత్రం ఇవి జరిగే పనులు కావని నిపుణులే అనేవారు. ఆ రోజుల చరిత్ర తిరగేస్తే ఈ మూడు చోట్లా కనిపించే పేరు గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు ఇంట్లోని అలారం గడియారాలన్నీ విప్పేశారట. అది చూసి వాళ్లమ్మ ఒక్క గడియారం మాత్రమే ఇచ్చి, మిగతావి ముట్టుకోవద్దందట. 16 ఏళ్లకు వాసర్ కాలేజీకి దరఖాస్తు చేస్తే లాటిన్‌లో మార్కులు చాలక సీటు రాలేదు. మరుసటి ఏడాది చేరి, 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ పూర్తిచేశారు. 1934లో యేల్ నుంచి గణితంలో పీహెచ్‌డీ. అప్పటికే వాసర్‌లో పాఠాలు చెబుతున్నారు. అంటే సెటిలైపోయినట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక ఆమె నౌకాదళంలో చేరాలనుకున్నారు. వయసు ఎక్కువన్నారు. ఎత్తుకు తగ్గ బరువు లేదన్నారు. పైగా గణితం ప్రొఫెసర్‌గా దేశానికి అక్కడే ఎక్కువ అవసరమన్నారు. ఆమె బరువు విషయంలో మినహాయింపు, కాలేజీ నుంచి సెలవు తెచ్చుకుని 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులో చేరారు. అప్పటికామెకు 37 ఏళ్లు. తనకంటే చాలా చిన్నవాళ్లతో కలిసి శిక్షణ పొంది, బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చారు.

పోస్టింగ్ ఓడ మీద రాలేదు. 1944లో హార్వర్డ్‌లో హోవార్డ్ ఐకెన్ నడుపుతున్న మార్క్ వన్ యంత్రం దగ్గర వేశారు. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న ఆ యంత్రాన్ని అంతకుముందు ఆమె చూసింది కూడా లేదు. ఐకెన్ వారం రోజుల గడువుతో ఓ లెక్క చేతిలో పెట్టాడు. తర్వాత ఆ యంత్రానికి మాన్యువల్ రాయమన్నాడు. అది 500 పేజీలు దాటింది. డాక్యుమెంటేషన్ రాయడం జూనియర్ల పని అని మీ సీనియర్లు ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

అన్నట్టు, రిలేలో చిక్కుకున్న చిమ్మటను పట్టి కంప్యూటర్ బగ్ అన్న మాట కనిపెట్టింది ఈమేనని చదివే ఉంటారు. అది నిజం కాదు. 1947లో మార్క్ టూ యంత్రంలో చిమ్మట దొరికిన మాట వాస్తవమే, అయితే దాన్ని పట్టింది ఆమె కాదు. లోపాన్ని బగ్ అనడం అంతకు చాలా ముందే, ఎడిసన్ కాలం నుంచే ఉంది. ఆమె ఆ కథను అందరికీ సరదాగా చెప్పేవారు, అంతే.

మార్క్ వన్ దగ్గర ప్రోగ్రామర్లు సైన్ విలువో, వర్గమూలమో లెక్కగట్టే కోడ్ ముక్కల్ని నోట్‌బుక్కుల్లో రాసి ఉంచుకునేవారు. ఒకరి ముక్క ఇంకొకరికి కావాలంటే చూసి రాసుకోవడమే. ప్రోగ్రాంలో ఆ ముక్క పడే చోటు మారితే, అందులోని అడ్రసులన్నింటికీ ఆ మేర సంఖ్య కలపాలి. చూసి రాయడంలో తప్పులు, కూడికలో తప్పులు! ఈ రెండూ యంత్రం తప్పు లేకుండా చేయగలిగిన పనులే కదా అన్న ఆలోచన ఆమెలో అక్కడే నాటుకుంది.

యుద్ధం తర్వాత హార్వర్డ్‌లో ఆమెకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1945లో విడాకులయ్యాయి. పని ఒత్తిడికి తాగుడు తోడైంది. జీవిత చరిత్రకారులు దాచకుండా రాసిన విషయమే ఇది. మిత్రులు గట్టిగా మందలించాల్సిన పరిస్థితి వచ్చింది. 1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరారు. యూనివాక్ అనే యంత్రం తయారీలో ఉన్న, డబ్బుకు కటకటలాడుతున్న చిన్న సంస్థ అది. ఇప్పటి భాషలో స్టార్టప్. మరుసటి ఏడాది రెమింగ్టన్ ర్యాండ్ దాన్ని కొనేసింది.

హార్వర్డ్‌లో వచ్చిన ఆలోచన అక్కడ పనిగా మారింది. కోడ్ ముక్కలన్నింటికీ నంబర్లిచ్చి అయస్కాంత టేపు మీద ఎక్కించారు. ప్రోగ్రామర్ ఏయే నంబర్లు ఏ వరసలో కావాలో రాసిస్తే చాలు. యంత్రం ఆ ముక్కల్ని వెతికి, అడ్రసులు సరిచేసి, మొత్తం ప్రోగ్రాంను మరో టేపు మీద రాసిచ్చేది. అదే ఏ-జీరో. 1952 కల్లా నడిచింది. దీన్నే ఆమె కంపైలర్ అన్నారు. ఇప్పటి లెక్కలో చూస్తే అది లింకర్, లోడర్లకు దగ్గర. ఇంటర్వ్యూలో కంపైలర్‌కీ లింకర్‌కీ తేడా అడిగితే ఈ ఉదాహరణ చెప్పొచ్చు.

ఓ చిక్కు వచ్చింది. ప్రోగ్రాం మధ్యలో ముందుకు దూకమని ఆదేశం ఉంటే, ఆ ముందున్న ముక్క మెమరీలో ఎక్కడ పడుతుందో ఇంకా తెలియదు. టేపును రెండోసారి తిప్పకుండా ఒకే దఫాలో పని కావాలి. ఆమెకు కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తొచ్చింది. అప్పటి అమ్మాయిల ఆట నిబంధనల ప్రకారం బంతితో ఎక్కువ దూరం పోకూడదు. పక్కనున్న అమ్మాయికి అందించి, తాను ముందుకు పరుగెత్తి మళ్లీ అందుకోవాలి. అలాగే మెమరీ చివర కొంచెం చోటు ఖాళీగా ఉంచి, ముందుకు దూకాల్సినవన్నీ తాత్కాలికంగా అక్కడికి దూకేలా చేశారు. అసలు ముక్క వచ్చి కూర్చున్నాక, ఆ ఖాళీ చోటు నుంచి దానికి దారి వేశారు. చక్కగా పనిచేసింది.

కంపైలర్ తయారై కూర్చున్నా చాలాకాలం ఎవరూ ముట్టుకోలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుందే తప్ప ప్రోగ్రాం ఎలా రాస్తుందని వాదించేవారు. దాంతో 1953లో ఆమె బృందం మెరుగుపరిచిన ఏ-2ను యూనివాక్ వాడేవాళ్లకు సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేసింది. మార్పులు చేసుకోండి, బాగుంటే మాకూ పంపండి అని కోరింది. ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టడానికి ఇంకా 45 ఏళ్లుంది. నన్నడిగితే, కంపైలర్ కంటే ఈ నిర్ణయమే పెద్దది. చేతిలో సోర్స్ పడ్డాక నమ్మనివాడు కూడా విప్పి చూసుకోవచ్చు.

ఆ తర్వాత ఆమె చూపు డేటా ప్రాసెసింగ్ మీద పడింది. జీతాలు, సరుకు నిల్వల లెక్కలు చూసే గుమాస్తాలకు గణిత సంకేతాలెందుకు, మామూలు ఇంగ్లిష్ మాటలతోనే ఆదేశాలివ్వొచ్చు కదా అన్నారు. యంత్రానికి ఏ మాటైనా సంకేతమేనని చూపడానికి అవే ఆదేశాల్ని ఫ్రెంచ్, జర్మన్ మాటల్లోనూ రాసి పైవాళ్లకు చూపించారు. వాళ్లు హడలిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా కంప్యూటర్‌కు ఫ్రెంచ్ ఎలా వస్తుందన్నది వాళ్ల సందేహం! ఇంగ్లిష్‌కే పరిమితమవుతానని ఒప్పుకొని, ఆ పనిని ఫ్లో-మ్యాటిక్ భాషగా తీర్చిదిద్దారు.

1959లో కంప్యూటర్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు కలిసి అన్ని యంత్రాల్లో నడిచే ఒక భాష కావాలనుకున్నాయి. అలా వచ్చిందే కోబాల్. దాన్ని హాపర్ ఒక్కరే తయారుచేశారనడం సరికాదు, అది కమిటీ పని. ఆమె సలహాదారు. కానీ దానికి ప్రధాన ఆధారం ఫ్లో-మ్యాటిక్. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాంను స్వల్ప మార్పులతో ఆర్‌సీఏ, యూనివాక్ యంత్రాల మీద నడిపి చూపించారు. మీలో ఎవరికైనా బ్యాంకింగ్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు వస్తే, కోబాల్‌తో ఇప్పటికీ పనిపడుతుంది.

నౌకాదళం 1966లో ఆమెను రిటైర్ చేసింది. 1967లో ఆరు నెలల పని ఉందంటూ మళ్లీ పిలిచింది. భిన్నంగా తయారవుతున్న కోబాల్ కంపైలర్లను ఒక ప్రమాణంలోకి తేవడం, అవి సరిగా ఉన్నాయో లేదో పరీక్షించే ప్రోగ్రాంలు రాయించడం ఆ పని. ఆరు నెలలు దాదాపు రెండు దశాబ్దాలైంది. ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు అడుగు కంటే కాస్త చిన్నవైన వైరు ముక్కలు పంచేవారు. ఒక నానోసెకనులో విద్యుత్ సంకేతం పోగలిగిన గరిష్ఠ దూరం అదే. సైన్యాధికారులకు కంప్యూటర్ చిన్నదైతే ఎందుకు వేగంగా ఉంటుందో అలా చెప్పేవారు.

1986 ఆగస్టులో బోస్టన్ రేవులో, కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె పదవీ విరమణ చేశారు. అప్పటికి 79 ఏళ్లు. వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో కన్సల్టెంట్‌గా కొత్త ఉద్యోగంలో చేరారు. 1992 జనవరి 1న కన్నుమూసే దాకా అక్కడి ఉద్యోగే.