గ్రేస్ డార్లింగు

ఇంగ్లండు దేశపు ఈశాన్య తీరమున నార్తంబర్లండు అను మండలము కలదు. ఆ తీరమునకు ఎదురుగా ఉత్తర సముద్రమున ఫార్న్ దీవులు చెదరియున్నవి. పేరునకు దీవులే గాని వానిలో పెక్కు వట్టి రాతిగుట్టలు. పోటు వచ్చినపుడు కొన్ని నీట మునిగి, ఆటు వచ్చినపుడు బయటపడుచుండును. చీకటిలోను తుపానులోను దారి తప్పిన ఓడలెన్నియో ఆ రాళ్లకు తగిలి నాశనమయ్యెను. అందుచే నావికులను హెచ్చరించుటకు అచట దీపస్తంభములను నెలకొల్పిరి.

గ్రేస్ డార్లింగు 1815వ సంవత్సరము నవంబరు 24వ తేదీన బాంబరో గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో ఆమె ఏడవది. తండ్రి విలియం డార్లింగు బ్రౌన్స్‌మన్ దీవిలోని దీపమునకు కావలివాడు. ఆ దీపమున్న చోటు ఓడలకు అంతగా ఉపకరింపకుండుటచే, సముద్రము వైపునకు మరింత ముందున్న లాంగ్‌స్టోన్ అను రాతిదీవిపై క్రొత్త స్తంభమును కట్టించిరి. 1826లో ఆ కుటుంబము అచటికి మారెను. 26 మీటర్ల ఎత్తు గల ఆ స్తంభమే వారి ఇల్లు. చుట్టును నీరే, మొక్క నాటుటకు పిడికెడు మట్టియైన లేదు. కూరగాయలకై విలియం పడవపై బ్రౌన్స్‌మన్‌లోని పాత తోటకు పోయి వచ్చుచుండెను. గ్రేస్ తండ్రి యొద్దనే చదువను వ్రాయను నేర్చెను. తల్లికి ఇంటిపనిలో సాయపడుచు, రాత్రులందు వంతు ప్రకారము దీపమును కనిపెట్టుచుండెను.

1838వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ సాయంకాలమున ఫార్ఫర్‌షైర్ అను పొగయోడ సుమారు అరువదిమందితో హల్ రేవునుండి డండీ నగరమునకు బయలుదేరెను. దారిలో దాని బాయిలర్లు కారజొచ్చెను. మరునాటి రాత్రి స్కాట్లండు తీరమున యంత్రము పూర్తిగా నిలిచిపోయెను. తుపాను గాలి ఓడను దక్షిణమునకు తరుమగా, 7వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతమున అది బిగ్ హార్కర్ అను రాతిపై పడి రెండు ముక్కలయ్యెను. వెనుక భాగము అందలి జనముతో కూడ కొట్టుకొనిపోయెను. తొమ్మండుగురు ఒక చిన్న పడవలో తప్పించుకొనిరి. మరికొందరు ఆ రాతిని పట్టుకొని ప్రాణములు నిలుపుకొనిరి.

ఇంకను వెలుతురు రాకమునుపే గ్రేస్ మేడగదిలోని కిటికీనుండి పగిలిన ఓడను చూచెను. ఏడు గంటల వేళకు రాతిపై మనుష్యులు కదలుచున్నట్లు కనబడెను. సోదరుడు ఆనాడు తీరమునకు పోయియుండెను. స్తంభమున తండ్రియు తల్లియు ఆమెయు మాత్రమే యుండిరి. అట్టి గాలిలో తీరమునుండి రక్షణ పడవ రాగలదని విలియమునకు తోచలేదు. వారికున్నది ఇరువది యొక్క అడుగుల పడవ. ఇరువురు కలిసి తెడ్లు వేసి ఆ రాతిని చేరవచ్చును గాని, ఎదురు పోటులో తిరిగివచ్చుట వారికి సాధ్యము కాదు. రాతిమీది వారిలో తెడ్డు పట్టగల వారుండిననే వచ్చుట జరుగును. లేనిచో అందరును అచటనే చిక్కుకొందురు. ఈ సంగతి తెలిసియు తండ్రీకూతుళ్లు బయలుదేరిరి. తల్లి పడవను నీటిలోనికి దింపుటకు సాయపడెను.

గాలి తాకిడి తగ్గు వైపునుండి చుట్టు తిరిగి వారు సుమారొక మైలు దూరము తెడ్లు వేసిరి. రాతిపై తొమ్మండుగురు సజీవులై యుండిరి. విలియం రాతిపైకి దుమికెను. పడవ రాతికి తగిలిన పగిలిపోవును. దూరము జరిగిన తండ్రి అచటనే మిగులును. గ్రేస్ ఒంటరిగా రెండు తెడ్లు పట్టి, అలల నడుమ ముందునకు వెనుకకు నడుపుచు దానిని నిలిపెను. సారా డాసన్ అను స్త్రీ చనిపోయిన తన బిడ్డలిరువురను కౌగిలించుకొని యుండెను. ఆమెను, నలుగురు పురుషులను మొదట ఎక్కించుకొని స్తంభమును చేరిరి. గ్రేస్ వారికి పరిచర్య చేయుచుండగా, విలియం రక్షింపబడిన వారిలో ఇరువురితో మరల పోయి తక్కిన నలుగురిని తెచ్చెను. తరువాత తీరమునుండి ఎంతో శ్రమపడి వచ్చిన రక్షణ పడవకు రాతిపై శవములు మాత్రమే కనబడెను. ఆ పడవవారును లాంగ్‌స్టోనునందే తలదాచుకొనవలసి వచ్చెను.

ఈ వార్త దేశమంతట వ్యాపించెను. రాయల్ హ్యూమేన్ సొసైటీవారు తండ్రీకూతుళ్లకు బంగారు పతకములిచ్చిరి. విక్టోరియా రాణి గ్రేసునకు 50 పౌనులు పంపెను. చిత్రకారులు దీవికి వచ్చి ఆమె రూపమును చిత్రించిరి. కొందరు ఆమె తల వెండ్రుకలను జ్ఞాపికగా కోరిరి. నాటకశాలలవారు ధనమాశజూపి పిలిచినను ఆమె పోలేదు. పెక్కు కథలలో తండ్రి పాత్ర మరుగుపడెను. కాని ఆనాటి సాహసము ఇరువురిదియు. ఆమె దీపస్తంభముననే నివసించి, క్షయవ్యాధికి లోనై, 1842 అక్టోబరు 20వ తేదీన ఇరువది యారేండ్ల వయస్సున మరణించెను.

బాంబరో చర్చి ఆవరణమున ఆమెకు స్మారకమును నిర్మించిరి. 1938లో ఆ గ్రామమున ఆమె పేర ప్రదర్శనశాల వెలసెను. లాంగ్‌స్టోను దీపము 1990నుండి కావలివారు లేకయే యంత్రముచే వెలుగుచున్నది. నిత్యము ఇతరుల క్షేమమునకై దీపమును కాచు ఇంట పెరిగిన ఆ బాలికకు, ఆపదవేళ తన ప్రాణమును లెక్కింపకుండుట వింత పని కాలేదు.