ఘంటసాల వెంకటేశ్వరరావు
ఘంటసాల వెంకటేశ్వరరావు (డిసెంబర్ 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) తెలుగు చలనచిత్ర నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. సినిమా పాటల కీర్తి వెనుక మరుగున పడిన ఆయన ప్రైవేటు గ్రామఫోను రికార్డులు తెలుగు పద్యగానంలో ఒక కొత్త మార్గాన్ని చూపాయి.

బాల్యం, విద్య

కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడుతుంటే బాలుడైన ఘంటసాల నృత్యం చేసేవాడు. తండ్రి మరణానంతరం సంగీతం నేర్వాలనే పట్టుదలతో విజయనగరం చేరి, వారాలు చేసుకొని, మధూకరమెత్తి చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి వద్దనున్న అలీపురం జైలులో శిక్ష అనుభవించాడు. 1944లో సావిత్రితో వివాహమైంది.

సినీ జీవితం

సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరాడు. స్వర్గసీమ (1945) చిత్రంలో పాడిన పాటతో గుర్తింపు లభించింది. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు సంగీతం సమకూర్చాడు.

ప్రైవేటు రికార్డులు

హెచ్.ఎం.వి. సంస్థలో పనిచేసిన పేకేటి శివరాం తొలి రోజుల్లో ఆయన పాటలను రికార్డు చేయించాడు. రికార్డుకు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టే కాలమది. రంగస్థలంపై పద్యం చివర దీర్ఘంగా సాగే ఆలాపనకు అందులో చోటు లేదు. ఘంటసాల రాగాన్ని భావానికి లోబరచి, ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించేలా పాడాడు. జంధ్యాల పాపయ్యశాస్త్రి (కరుణశ్రీ) రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి ఖండికలు ఈ గానం వలన పండితులకే గాక పామరులకు సైతం కంఠస్థమయ్యాయి. దాశరథి రచించిన తలనిండ పూదండ వంటి లలితగీతాలు సైతం ఈ కోవలోనివే. అయితే వీటిలో కొన్ని మాత్రమే విస్తృత ప్రచారం పొందాయి.

భగవద్గీత

అనారోగ్యంతో బాధపడుతున్న చివరి సంవత్సరాలలో భగవద్గీత గానాన్ని పూర్తి చేశాడు. మొత్తం 700 శ్లోకాలలో కొన్నింటిని ఎంపిక చేసి, వివిధ రాగాలలో స్వరపరచి, తెలుగు తాత్పర్యంతో సహా చదివాడు. గురుపుత్రుడైన పట్రాయని సంగీతరావు ఆయనకు చిరకాలం సంగీత సహాయకుడు. ఈ రికార్డు వెలువడేనాటికి ఘంటసాల జీవించి లేడు. తరువాతి కాలంలో మరణం సంభవించిన ఇంట గీతను వినిపించడం తెలుగునాట ఆచారంగా మారింది. ఆ కారణంగా పలువురు దానిని శుభవేళలలో వినడానికి సంకోచిస్తారు. అందలి రాగాల ఎంపిక, ఉచ్చారణ సౌష్ఠవం సంగీత దృష్టితో చర్చకు రావడం అరుదు. కర్తవ్యవిముఖుడైన అర్జునుని కార్యోన్ముఖుని చేసిన బోధకు ఇట్టి గతి పట్టడం విచిత్రం.

పురస్కారాలు

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 2003లో తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.