మన వీధి నుంచి ప్రపంచం దాకా: జాగ్రఫీ పాఠాన్ని మార్చిన ఎమ్మా విల్లార్డ్



యూనిట్ టెస్ట్ ముందు రోజు రాత్రి చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమిది. అట్లాస్ బ్యాగులోనే ఉంటుంది. నోట్స్ మాత్రం తెరిచి ఉంటుంది. ఏడో తరగతి పాప దక్షిణ అమెరికా దేశాలు, వాటి రాజధానులు వరసగా అప్పజెబుతూ ఉంటుంది. వంటింట్లోంచి అమ్మ తప్పులు సరిచేస్తూ ఉంటుంది. మార్కులు బాగానే వస్తాయి. కానీ పరీక్ష అయిన పది రోజులకు ఆ పేర్లలో సగం గుర్తుండవు. ఆ పేరు చదివినప్పుడు పాప మనసులో ఏ నదీ, ఏ కొండా, ఏ ఊరూ మెదలలేదు కదా!

ఈ ఇబ్బంది మన పిల్లలతో మొదలైంది కాదు. రెండు వందల ఏళ్ల క్రితం అమెరికా బడుల్లోనూ ఇదే పరిస్థితి. దాన్ని మార్చడానికి పూనుకున్న తొలి టీచర్లలో ఒకరు ఎమ్మా విల్లార్డ్. ఆడపిల్లల ఉన్నత చదువు కోసం పాటుపడిన మహిళగా ఆమె పేరు ప్రసిద్ధం. జాగ్రఫీ టీచరుగా ఆమె చేసిన పని మన దగ్గర అంతగా తెలియదు. ఈ నెల ఆమె జీవితం గురించి తెలుసుకుందాం.

పెద్ద కుటుంబంలో పదహారో బిడ్డ

ఎమ్మా హార్ట్ 1787 ఫిబ్రవరి 23న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బెర్లిన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. మొత్తం పదిహేడు మంది పిల్లల్లో ఆమె పదహారోది. తండ్రి శామ్యూల్ హార్ట్ రైతు. పొలం పని ముగిశాక ఇంట్లో పుస్తకాలు చదవడం, చదివినదాని గురించి మాట్లాడుకోవడం ఆ కుటుంబానికి అలవాటు. ఆడపిల్లే కదా అని ఆ మాటల నుంచి తండ్రి ఎమ్మాను దూరంగా ఉంచలేదు.

ఆ రోజుల్లో ఆడపిల్లల చదువంటే చదవడం, రాయడం, కాస్త లెక్కలు, ఆపైన కుట్టుపని. జామెట్రీ అబ్బాయిల చదువని అందరి నమ్మకం. ఎమ్మా పదమూడేళ్లకే దాన్ని తనంతట తాను నేర్చుకుంది. పదిహేడేళ్లకు, అంటే 1804లో, సొంత ఊరి బడిలోనే టీచరుగా చేరింది.

1807లో వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ ఊళ్లో ఆడపిల్లల బడి నడిపే బాధ్యత ఆమెకు దక్కింది. 1809లో డాక్టర్ జాన్ విల్లార్డ్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన వయసులో ఆమెకంటే చాలా పెద్ద. ఆయనకు అంతకుముందు పెళ్లిళ్ల వల్ల కలిగిన పిల్లలూ ఉన్నారు. పెళ్లితో ఆమె ఉద్యోగం ఆగిపోయింది.

కానీ చదువు ఆగలేదు. భర్త తరఫు బంధువుల అబ్బాయి ఒకడు వాళ్లింట్లో ఉంటూ మిడిల్‌బరీ కాలేజీలో చదువుకునేవాడు. ఆ కాలేజీలో అప్పట్లో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ఆ అబ్బాయి ఇంటికి తెచ్చిన పుస్తకాలను ఎమ్మా ఒక్కొక్కటిగా చదివింది. అబ్బాయిలకు అందే చదువుకూ అమ్మాయిలకు అందే చదువుకూ ఎంత తేడా ఉందో ఆ పుస్తకాల్లోనే ఆమెకు అర్థమైంది.

ఇంతలో భర్త ఆర్థికంగా దెబ్బతిన్నాడు. ఇల్లు గడవాలి. 1814లో ఎమ్మా తమ ఇంట్లోనే ఆడపిల్లల కోసం బోర్డింగ్ స్కూల్ తెరిచింది. అవసరం కోసం మొదలైన ఆ బడిలోనే ఆమె తన పాఠం చెప్పే పద్ధతిని రూపుదిద్దుకుంది.

మొదటి రోజు పని: మీ ఊరి మ్యాప్ గీయండి

అప్పటి అమెరికా పిల్లలు ఎక్కువగా చదివింది జెడిడయా మోర్స్ రాసిన జాగ్రఫీ పుస్తకాలు. టెలిగ్రాఫ్‌తో పేరు తెచ్చుకున్న శామ్యూల్ మోర్స్‌కు ఈయన తండ్రి. ఆయన మొదటి పాఠ్యపుస్తకం 1784లో వచ్చింది. అలాంటి పుస్తకాల్లో మ్యాప్‌లు తక్కువ, సమాచారం ఎక్కువ. పాఠం భూగోళం ఆకారం, సూర్యుడు, గ్రహాలతో మొదలై ఒక్కో దేశం మీదుగా సాగేది. పిల్లలు పేరాలకు పేరాలు కంఠస్థం చేసి అప్పజెప్పాలి.

ఎమ్మా ఈ వరసను తిరగేసింది. ఆమె దగ్గర జాగ్రఫీ నేర్చుకునే పిల్లలకు మొదటి పని తమ సొంత ఊరి మ్యాప్ గీయడం. ఆ తర్వాతే దేశాలు, ఖండాలు, భూగోళం. చూసి నేర్చుకున్న మ్యాప్‌ను మళ్లీ చూడకుండా గీయించేది.

ఇందులో కిటుకు చాలా సులువైనది. తన ఊరు గీయాలంటే పిల్లకు ముందు దిక్కు తెలియాలి. బడి నుంచి ఇంటికి ఎంత దూరమో ఆలోచించాలి. అంత దూరాన్ని చిన్న కాగితంలో ఇమిడించాలి. అంటే స్కేల్ అనే మాట వినకముందే దాని అవసరం తెలుస్తుంది. ఏది గీయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవాలి. మ్యాప్ అంటే ఎవరో నిర్ణయాలు తీసుకుని గీసిన బొమ్మ అని ఇక్కడే అర్థమవుతుంది. ఇదంతా తెలిసిన పిల్లకు బ్రెజిల్ మ్యాప్ ఇస్తే అందులో నది ఎటు పారుతోంది, ఊళ్లు సముద్రం ఒడ్డునే ఎందుకు గుంపుగా ఉన్నాయి అని చూస్తుంది. ఊరికే పేర్లు చదివి వదిలేయదు.

మిగతా పాఠాల్లోనూ ఆమె పద్ధతి ఇదే. జామెట్రీలో శంకువు, పిరమిడ్ ఆకారాలు చెప్పడానికి బంగాళదుంపలు, టర్నిప్ దుంపలు కోయించేది. చేత్తో చేసింది బుర్రలో నిలుస్తుందని ఆమె నమ్మకం.

ఇద్దరు టీచర్లు, ఒకే ఆలోచన

అదే కాలంలో విలియం ఉడ్‌బ్రిడ్జ్ అనే యువకుడు కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. వినలేని పిల్లలకు ఉపన్యాసం పనికిరాదు. చూపించి చెప్పాలి. ఆ అనుభవంతో ఆయనా కొత్త రకం జాగ్రఫీ పుస్తకం సిద్ధం చేస్తున్నాడు. తమ ఆలోచనలు ఒకేలా ఉన్నాయని తెలుసుకుని ఇద్దరూ కలిశారు. 1822లో ఇద్దరి పేర్లతో పుస్తకం వచ్చింది. ప్రాచీన కాలపు జాగ్రఫీ భాగం ఎమ్మాది. ఆ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. 1826లో చిన్న పిల్లల కోసం ఆమె విడిగా మరో పుస్తకం రాసింది.

దేశం తర్వాత దేశంగా కాకుండా పోల్చి చెప్పడం ఉడ్‌బ్రిడ్జ్ పద్ధతి. జర్మనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1817లో ప్రపంచంలో ఒకే సగటు ఉష్ణోగ్రత ఉన్న చోట్లను గీతలతో కలిపి చూపించాడు. వాటినే సమోష్ణ రేఖలంటాం. కొన్నేళ్లలోనే ఉడ్‌బ్రిడ్జ్ వాటిని బడి పిల్లల ముందుకు తెచ్చాడు. న్యూయార్క్, రోమ్ దాదాపు ఒకే అక్షాంశం దగ్గర ఉన్నాయి. అయినా న్యూయార్క్ చలికాలంలో మంచుతో వణుకుతుంది, రోమ్ అంతగా వణకదు. ఎందుకు? సముద్రం ఏ వైపు ఉంది, గాలులు ఎటు నుంచి వీస్తున్నాయి అని వెతికితే జవాబు దొరుకుతుంది. కంఠస్థం చేసిన పాఠంలో ఈ ప్రశ్నకే చోటుండదు.

ట్రాయ్ ఊరు ఇచ్చిన నాలుగు వేల డాలర్లు

ఆడపిల్లల చదువుకు ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టాలన్నది ఎమ్మా పెద్ద కోరిక. అబ్బాయిల కాలేజీలకు ఇస్తున్నప్పుడు అమ్మాయిలకు ఎందుకివ్వరు? ఆ ప్రణాళిక రాసి న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ డివిట్ క్లింటన్‌కు పంపింది. ఆయన మెచ్చుకున్నాడు. 1819లో దాన్ని అచ్చు వేయించి శాసనసభ్యుల ముందు పెట్టింది. ఆ రాష్ట్రంలోని వాటర్‌ఫర్డ్‌లో బడికి గుర్తింపు దొరికింది కానీ డబ్బు రాలేదు.

అప్పుడు హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్ పట్టణం ముందుకొచ్చింది. పట్టణ కౌన్సిల్ పన్ను ద్వారా 4,000 డాలర్లు సమకూర్చింది. 1821 సెప్టెంబరులో ట్రాయ్ ఫిమేల్ సెమినరీ తెరుచుకుంది. అక్కడ అమ్మాయిలు గణితం, సైన్స్, చరిత్ర, జాగ్రఫీ అన్నీ చదివారు.

ఫీజు విషయంలో ఆమె చేసిన ఏర్పాటు తల్లిదండ్రులకు ఆసక్తిగా ఉంటుంది. టీచరు కావాలనుకుని డబ్బు కట్టలేని అమ్మాయిలను ఫీజు లేకుండా చేర్చుకునేది. చదువయ్యాక ఉద్యోగం చేస్తూ వాళ్లు తీర్చాలి. అమెరికాలో మొదటి ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల 1839లో మొదలైంది. అప్పటికే ట్రాయ్ నుంచి వందలాది మంది టీచర్లుగా వెళ్లారు. వాళ్లతోపాటు ఆమె మ్యాప్ పాఠమూ ఊరూరికీ చేరింది.

1828లో ఆమె అమెరికా చరిత్ర పుస్తకం రాసి, దానికి తోడుగా ఒక అట్లాస్ ఇచ్చింది. దేశం ఏ కాలంలో ఎలా ఉందో ఒక్కో మ్యాప్‌లో చూపించింది. 1846లో కాలాన్నే ఒక భవనంలా గీసింది. అందులో ఒక్కో స్తంభం ఒక్కో శతాబ్దం. పాతకాలం దూరంగా చిన్నగా, మన కాలం దగ్గరగా పెద్దగా కనిపిస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అనే రెండు ప్రశ్నలూ కంటికి కనిపించాలన్నది ఆమె పట్టుదల.

మ్యాప్ మీద మనకు పెట్టిన పేరు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ మంచి పుస్తకంలోనే ఒక పెద్ద లోపం ఉంది. వాతావరణాన్నీ, పంటల్నీ వర్గాలుగా పోల్చినట్టే ఉడ్‌బ్రిడ్జ్ మనుషుల్నీ మెట్లుగా విభజించాడు. అడుగున ఆటవికులు, పైన జ్ఞానోదయం పొందినవారు. యూరప్, అమెరికా వాళ్లు పై మెట్టు మీద. చైనా, దక్షిణ ఆసియా ప్రజలు మధ్యలో, సగం నాగరికులు. అంటే ఆనాటి మన తాతముత్తాతలకు అమెరికా బడి పిల్లల పుస్తకంలో దక్కిన పేరు అది. ఎమ్మా అట్లాస్‌లోనూ అమెరికా ఆదివాసుల సంచారం తేదీలున్న మ్యాప్‌ల వరసలో కాకుండా ముందుమాట లాంటి మ్యాప్‌లో ఉంటుంది. వాళ్లకు చరిత్ర లేనట్టు.

తన ఊరిని చూసి గీయమన్న టీచరు, తాను చూడని ఊళ్ల విషయంలో ఆ కాలపు అభిప్రాయాన్ని దాటలేకపోయింది. ఉష్ణోగ్రతను కొలవడానికి థర్మామీటర్ ఉంది. మనుషుల గొప్పదనాన్ని కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. ఆ తేడా ఆ పుస్తకం గుర్తించలేదు.

అయితే నేర్పిన చదువు ఒక్కోసారి నేర్పినవారిని దాటి ముందుకు వెళ్తుంది. ఎమ్మా మహిళల ఓటు హక్కు ఉద్యమంలో చేరలేదు. ఆమె బడిలో చదివి 1832లో బయటికొచ్చిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఆ ఉద్యమానికే నాయకురాలైంది.

చివరి రోజులు

1825లో డాక్టర్ విల్లార్డ్ చనిపోయాడు. 1830లో ఎమ్మా యూరప్ చూసి వచ్చింది. గ్రీస్‌లో ఆడపిల్లల చదువు కోసం నిధులు సేకరించింది. 1838లో బడి బాధ్యతను కొడుకు, కోడలికి అప్పగించింది. ఆ ఏడాదే చేసుకున్న రెండో పెళ్లి కలిసి రాలేదు, కొన్నేళ్లకు విడాకులు తీసుకుంది. ఆ తర్వాత కూడా రాయడం, బడులు తిరిగి టీచర్లతో మాట్లాడటం మానలేదు. 1870 ఏప్రిల్ 15న ట్రాయ్‌లోనే కన్నుమూసింది. 1895లో బడికి ఆమె పేరే పెట్టారు. అది ఈనాటికీ నడుస్తోంది.

ఇంట్లో మనం చేయగలిగింది

ఈ సెలవు రోజున మీ పిల్లలకు ఒక తెల్ల కాగితం ఇవ్వండి. ఇంటి నుంచి స్కూలు దాకా బస్సు వచ్చే దారి గీయమనండి. ఉత్తరం ఎటుందో గుర్తు పెట్టమనండి. గూగుల్ మ్యాప్స్ చూపించకండి. గీయడం అయ్యాక పక్కన పెట్టి పోల్చుకోమనండి. ఎక్కడ తప్పిందో పిల్లలే చెబుతారు.

తర్వాత అట్లాస్ తీసి హైదరాబాద్, విశాఖపట్నం చూపించండి. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మరి డిసెంబరు రాత్రి హైదరాబాద్‌లో చలి ఎక్కువెందుకు? ఒకటి సముద్రం ఒడ్డున, ఇంకొకటి 500 మీటర్లకు పైన పీఠభూమి మీద. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికిన పిల్లకు న్యూయార్క్, రోమ్ ప్రశ్న కష్టం కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బాబాయిగారి పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు, అక్కడ ఇప్పుడు ఏ కాలమో, సూర్యుడు ఎన్నింటికి అస్తమించాడో అడగమనండి.

చివరిగా ఒక మాట. ఆఫ్రికా అనగానే కరువు, అడవి అని మన నోట వస్తే పిల్లలు అదే నేర్చుకుంటారు. అక్కడ యాభైకి పైగా దేశాలున్నాయి, మహానగరాలున్నాయి, మంచు కప్పిన కొండ కూడా ఉంది. ఒకప్పుడు ఎవరో దూరం నుంచి చూసి మనకు సగం నాగరికులని పేరు పెట్టారు. ఆ పని మన డైనింగ్ టేబుల్ దగ్గర మనం ఇంకొకరికి చేయకుండా చూసుకుందాం. ఎమ్మా విల్లార్డ్ పద్ధతిని తీసుకుందాం, ఆ కాలపు పొరపాటును అక్కడే వదిలేద్దాం.